మీ పట్టికలో రెండో గడి

కేంద్ర కార్మిక బ్యూరో అధికారుల వారికి,



గ్రామీణ కూలి రేట్లంటూ మీరు నెలనెలా వెలువరించే పట్టికల్ని వదలకుండా చదివే కొద్దిమందిలో నేనొకదాన్ని. దుక్కి, నాటు, కలుపు, కోత, నూర్పిడి, పత్తి తీత, తాపీ పని, వడ్రంగం, బీడీలు చుట్టడం... మొత్తం 25 రకాల పనులు. ప్రతి పనికీ రాష్ట్రాలవారీగా మగవారికో గడి, ఆడవారికో గడి. అయిదు చోట్లయినా దొరకని రేటును మీరు సగటుకు తీసుకోరు, ఆ గడిలో గీత పెట్టేస్తారు. ఇంత నిక్కచ్చి మనుషులు కాబట్టే మీకు రాయాలనిపించింది.

నేను చూసిన పొలం పనుల వరసల్లో దాదాపు ప్రతిచోటా మొదటి గడిలో అంకె పెద్దది, రెండో గడిలో చిన్నది. ఏళ్ళు గడిచాయి, అంకెలు పెరిగాయి, ఈ తీరు మాత్రం మారలేదు. ఒకే పనికి ఆడవారికి తక్కువ ఇవ్వకూడదని మన దేశంలో చట్టం ఉంది. ఆ చట్టం కార్మిక మంత్రిత్వ శాఖది. మీరూ ఆ శాఖవారే. ఏ వీధిలో ఎన్ని సైకిళ్ళు పోయాయో నెలనెలా అచ్చేసి గోడకు అంటించి, దొంగ సంగతి మాత్రం మమ్మల్ని అడగొద్దనే పోలీసు స్టేషన్ ఒకటుంటే అచ్చం ఇలాగే ఉంటుంది.

చట్టం కొత్తదేమీ కాదు. సమానమైన పనికి స్త్రీ పురుషులకు సమాన వేతనం ఉండాలని రాజ్యాంగం 39వ అధికరణంలోనే రాసుకున్నాం. అది ఆదేశిక సూత్రం, కోర్టుకెక్కి అడిగే హక్కు కాదు గనక పాతికేళ్ళు అలాగే పడి ఉంది. 1975 అంతర్జాతీయ మహిళా సంవత్సరం కావడంతో ఆర్డినెన్సు తెచ్చారు. ఎమర్జెన్సీ పెట్టి జనమెవరూ నోరెత్తకుండా చేసిన ఏడాదిలో ఆడవాళ్ళ కూలి గురించి ప్రభుత్వమే నోరెత్తింది! మరుసటేడు అది సమాన వేతన చట్టమైంది. అందులో నాకు భలే నచ్చిన ముక్క ఒకటుంది: సమానం చేసే వంకతో మగవారి వేతనం తగ్గించకూడదు. యజమానుల బుర్ర ఎటు పరిగెడుతుందో రాసినవారికి ముందే తెలుసన్న మాట. యజమాని రిజిస్టరు పెట్టాలన్నారు, దానికి ‘డి’ ఫారం అని పేరూ పెట్టారు. మిరప చేలో డి ఫారం చూసిన కూలీ మీ లెక్కల్లో ఎక్కడైనా తగిలితే చెప్పండి. ఆ చట్టాన్ని 2019 వేతనాల కోడ్‌లో కలిపేశారు. 2025 నవంబరు 21 నుంచి కోడ్ అమల్లోకి వచ్చింది. మీ పట్టికకు మాత్రం అప్పుడూ రెండు గడులే, ఇప్పుడూ రెండు గడులే.

పని వేరు కదా, అందుకే రేటు వేరు అంటారు. ఆ మాట కాస్త దగ్గరగా చూద్దాం. నాటు రోజున మగవాళ్ళు నారుమడిలో నారు పీకి, కట్టలు కట్టి, మోసుకొచ్చి దమ్ము చేసిన చేలో విసురుతారు. ఆడవాళ్ళు ఆ కట్టలు విప్పి, వరసగా నిలబడి, నడుం వంచి, వెనక్కి వెనక్కి జరుగుతూ నాటుతారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తల పైకెత్తేది అన్నానికి గట్టెక్కినప్పుడే. కట్ట మొయ్యడం బరువు పని, నిజమే. వంగిన నడుం బరువు తూచడానికే ఇంకా కాటా రాలేదు. గుంటూరు మిరప చూడండి. కాయ కోసేదీ, తొడిమలు తీసేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. రాత్రి అన్నం కలుపుకుంటే చేతులు భగ్గుమంటాయి, చంటిపిల్ల మొహం తుడవాలంటే భయం. ఇది తేలిక పని. మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిరప బస్తాలు, మోసేది బరువు పని. చట్టం ఏం చూడమందంటే నైపుణ్యం, శ్రమ, బాధ్యత చూడమంది. మీసం సంగతి అందులో లేదు.

అసలు ముచ్చట ఇప్పుడు. నాటు ఆడవాళ్ళ పని, మగాడి చేతికి రాదని తరతరాలుగా చెప్పుకున్నాం. ఈ మధ్య ఏళ్ళలో పశ్చిమ బెంగాల్ నుంచి, బీహార్ నుంచి మగ కూలీల ముఠాలు మన పల్లెలకు నాట్లకు వస్తున్నాయి. అదే చేను, అదే నారు, వంగేదీ అలాగే. వాళ్ళతో రోజు కూలి బేరం లేదు, ఎకరానికి ఇంతని గుత్త. “సాలు చూడండి, ఆ వేగం చూడండి” అని మనవాళ్ళే మురిసిపోతున్నారు. మగాడు వంగేసరికి అది పనితనమైపోయింది. మా ఆడ ముఠాలూ అమాయకులేం కాదు, కొన్ని ఊళ్ళలో గుత్తకే పడుతున్నాయి. పత్తి కిలోల లెక్కన తీయిస్తే కాటాకి చీర, పంచె తేడా తెలియదు. రోజు కూలి అనేసరికే తెలుస్తుంది.

ఇవ్వలేం అనే రైతు మాటా విన్నాను. గిట్టుబాటు లేని మాట నిజం, కాదనను. కానీ ట్రాక్టరు బాడుగకు, డీఏపీ బస్తాకు ఆడ ధర అడిగి చూశాడా? బేరం సాగేది ఒక్కచోటే కనక అక్కడే సాగుతోంది.

ఇవ్వడం అసాధ్యమేమీ కాదని సర్కారే చూపించింది. 2005 ఉపాధి హామీ చట్టం ఆడా మగా తేడా లేకుండా ఒకే కూలి అంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ పనిదినాల్లో సగానికి పైగా ఆడవాళ్ళవే అయ్యాయి. ఆ పని చేసిన ఆడమనిషే సాయంత్రం పార కడిగి, మర్నాడు పక్క చేలో కలుపుకు దిగితే మళ్ళీ రెండో గడిలోకి వెళ్ళిపోతుంది.

ఇంకో చిన్న చాడీ. రిజర్వు బ్యాంకు వారు రాష్ట్రాల గణాంకాల పుస్తకంలో మీ అంకెలే తీసుకుని కూలి రేట్లు వేస్తారు, కానీ మగవారివి మాత్రమే. పత్రికలు దాన్నే ఎత్తి రాసి, కేరళ ముందుంది, ఫలానా రాష్ట్రం వెనకబడింది అంటాయి. మీరు పోనీ తక్కువైనా ఒక అంకె వేస్తున్నారు.

నేను కోరేది పెద్ద పని కాదు. ఆ రెండు గడుల పక్కన మూడోది ఒకటి గీయించండి, తేడా ఎంతో మీరే తీసి రాయండి. మీ తరఫున రేట్లు అడగడానికి ఊరికొచ్చే సిబ్బంది చేత మరో ప్రశ్న వేయించండి: ఎందుకు తక్కువ? వచ్చిన జవాబు దిద్దకుండా ఉన్నదున్నట్టు అచ్చేయండి, అంతకన్నా వినోదం మాకు మరొకటి ఉండదు. పొలాల్లో ఈ చట్టం అమలు చూసేది రాష్ట్రాల కార్మిక శాఖలు గనక, ఆ పట్టిక నకలు ప్రతి నెలా వారికీ పంపండి, ఫిర్యాదుగా నమోదు చేసుకోమని పైన ఒక ముక్క రాసి. రసీదు తీసుకోవడం మరవకండి.

ఇట్లు,
మీ పట్టికల పాఠకురాలు