బాకీ దర్శనం

2016 నవంబరు 9. ఐదొందలు, వెయ్యి నోట్లు ఇక చెల్లవని ప్రధాని టీవీలో చెప్పిన మర్నాడు. బ్యాంకులకు సెలవు, ఏటీఎంలు బంద్. విజయవాడ బీసెంట్ రోడ్డులో నడుస్తుంటే వెనక నుంచి "గురువుగారూ!" అని కేక. మూడేళ్లుగా నన్ను చూస్తే సందు మార్చేసే పెద్దమనిషి! ఆ సందులోంచే పరుగెత్తుకొచ్చాడు.

"మీ ఆరువేల బాకీ తలుచుకుని రాత్రంతా నిద్రపట్టలేదండీ" అంటూ పన్నెండు ఐదొందల కాగితాలు నా చేతిలో కుక్కాడు. వడ్డీ కింద ఇంకోటి. (మనిషి మంచివాడేనని మా ఆవిడ ఎప్పుడూ అంటుండేది.)

ఆ ఆనందంలో టీ తాగుదామన్నాను. కొట్టువాడు నా నోటు చూసి నవ్వాడు. చిల్లర ఉన్నది మా పెద్దమనిషి దగ్గరే. నా టీకి పది రూపాయలు అప్పిచ్చాడు.

సాయంత్రంలోగా రెండుసార్లు ఫోన్ చేశాడు, ఆ పది గురించి.