తొమ్మిదోవాడికీ పతకమే!

2012 లండన్ ఒలింపిక్స్. పురుషుల 94 కిలోల వెయిట్‌లిఫ్టింగ్. స్వర్ణం కజకిస్థాన్ మొనగాడు ఇల్యా ఇల్యిన్‌కు, రజతం రష్యాకు, కాంస్యం మోల్డోవాకు. జెండాలు లేచాయి, చప్పట్లు మోగాయి. అంతా అయిపోయిందనుకున్నారు. ఫ్రీజర్లో దాచిన మూత్రం సీసాలు మాత్రం అలా అనుకోలేదు!

నాలుగేళ్లకు కొత్త పద్ధతుల్లో మళ్లీ పరీక్షిస్తే, అప్పట్లో దొరకని స్టెరాయిడ్ల ఆనవాళ్లు బయటపడ్డాయి. ముగ్గురి పతకాలూ ఊడాయి. పోనీ నాలుగోవాడికిద్దామంటే ఆయనా ఆ తాను ముక్కే! చివరికి ఐదో స్థానంలోని ఇరాన్ లిఫ్టర్ సయీద్ మొహమ్మద్‌పూర్‌కు స్వర్ణం, మధ్యలో మరికొందరూ దొరికిపోవడంతో తొమ్మిదో స్థానంలోని పోలండ్ లిఫ్టర్ తొమాష్ జెలిన్‌స్కీకి కాంస్యం దక్కాయి. అదే జెలిన్‌స్కీని 2016లో రియో ఒలింపిక్స్ నుంచి పోటీకి ముందే ఇంటికి పంపేశారు. ఎందుకంటారా? ఇంకెందుకు, డోపింగే!

ఇప్పుడు నమూనాలను పదేళ్ల దాకా దాచి పరీక్షించవచ్చు. కాబట్టి క్రీడాకారులారా, ఓడినా దిగులొద్దు. ఒంట్లో మందు లేకుంటే చాలు, ఎప్పటికో పతకం రావచ్చు. ఆ రోజు మోగాల్సిన జాతీయగీతం, చప్పట్లు మాత్రం అడక్కండి. వాటిని దొంగలు అప్పుడే వాడేసుకున్నారు!