ఫ్రిజ్జుకు నైవేద్యం

2023 జులైలో టమాటా కిలో 200 రూపాయల దాకా ఎగబాకినప్పుడు ఇంటింటా పప్పులోకి చింతపండు తిరిగొచ్చింది. ఆంధ్రప్రదేశ్‌ రైతు బజార్లలో 50 రూపాయల రాయితీ టమాటా కోసం జనం బారులు తీరారు. సెప్టెంబరు వచ్చేసరికి ధర కుప్పకూలి, రైతులు పంటను రోడ్డు పక్కన పారబోశారు. చవకగా దొరుకుతోంది కదా అని సంచులకొద్దీ కొన్నవారు మరో వారం ఆగి, ఫ్రిజ్‌ అడుగు అరలో నీరు కారాక పారబోశారు. తేడా అంతే.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024 నివేదిక ప్రకారం మన ఇళ్లలో తలకు ఏటా 55 కిలోల తిండి వృథా అవుతోంది. అందులో తొక్కలూ ఎముకలూ ఉన్నాయిలెండి. అయినా నలుగురున్న ఇంటికి రెండు క్వింటాళ్ల పైమాటే!

పొదుపు మాత్రం తగ్గలేదు. తోపుడుబండి వద్ద కరివేపాకు కొసరు కోసం పావుగంట బేరం. ఫోన్లో ఆర్డరు పెడితే డెలివరీ ఛార్జీ తప్పించుకోవడానికి అక్కర్లేని చిప్స్‌, మరో కొత్తిమీర కట్ట. మొన్నటి కట్ట కవరులోనే నల్లబడి జిగురెక్కింది.

బీరతొక్కు పచ్చడికీ, రాత్రి అన్నంతో పులిహోరకూ తీరిక లేదు. మిగిలిన కూరను చిన్న గిన్నెలోకి మార్చి, మూతపెట్టి, నాలుగో రోజున వాసన చూసి పనిమనిషికి ఇవ్వడానికి మాత్రం తీరిక ఉంది. ఆమె మర్యాదగా తీసుకుని, వీధి మలుపు దాటాక చెత్తకుండీలో వేస్తుంది.