మౌస్ కదిలిందా? అయితే పని జరిగినట్టే!

కంప్యూటర్ ముందు కూర్చున్న కాలమంతా ఎటు పోతోందో తెలియక బెంగపడుతున్నవారికి శుభవార్త. లెక్క చెప్పే సాఫ్ట్‌వేర్లు వచ్చేశాయి. రెస్క్యూటైమ్, మానిక్‌టైమ్, టాగుల్, యాక్టివిటీవాచ్... ఒకటా రెండా! మీరు ఏ యాప్ తెరిచారు, ఏ వెబ్‌సైట్ చూశారు, ఎంతసేపు చూశారు, మధ్యలో ఎక్కడికి జారుకున్నారు, అన్నీ రాసిపెడతాయి. సాయంత్రానికి రంగుల పట్టీ గీసి చూపిస్తాయి. ఆ పట్టీ చూసిన మర్నాటి నుంచీ మీరు మారిన మనిషి అని అమ్మేవాళ్ల హామీ. కొలిస్తే బాగుపడతారు. బాగుపడకపోతే ఇంకాస్త కొలవండి.

ఇంత మేలైన విద్య కొందరికే పరిమితం కాకూడదు కనక, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏం చేయాలో వరసగా చెబుతాను.

ముందు అనుమతులు. మాక్ కంప్యూటర్‌లో ఇలాంటి యాప్ పెట్టగానే తెర మీద ఒక ప్రశ్న లేస్తుంది: దీనికి మీ కంప్యూటర్ మీద అదుపు కావాలట, ఇస్తారా? కట్టుకున్న మనిషికి ఫోన్ లాక్ నంబరు చెప్పనివాళ్లు కూడా ఇక్కడ మారుమాట లేకుండా సరే అంటారు. ఎవరికిస్తున్నామన్నది తర్వాతి సంగతి, ముందు క్రమశిక్షణ కావాలి కదా. ఆ క్షణం నుంచీ అది మీ ఎదురుగా ఉన్న విండోని చదువుతూ ఉంటుంది. యాప్ పేరొక్కటే కాదు, విండో నెత్తిన ఉండే శీర్షిక కూడా. వర్డ్‌లో అయితే ఫైలు పేరు, బ్రౌజర్‌లో అయితే పేజీ పేరు. మీరు ‘రాజీనామా లేఖ ఫైనల్ 2’ అని ఒక ఫైలు తెరిస్తే ఆ పేరూ, దాని ముందు గడిపిన నిమిషాలూ భద్రంగా నమోదవుతాయి. యాక్టివిటీవాచ్ ఈ లెక్కనంతా మీ కంప్యూటర్‌లోనే ఉంచుతుంది, అది నయం. కొన్ని మాత్రం తమ సర్వర్లకు పంపుకుంటాయి. ఆ ఖాతా మీ కంపెనీదైతే మీ రాజీనామా మీకంటే ముందే చేరాల్సిన చోటికి చేరుతుంది.

రెండోది వర్గీకరణ. అసలు ఘట్టం ఇదే. పనేదో, కాలక్షేపమేదో యంత్రానికి తెలియదు, మీరే చెప్పాలి. అంత ఓపిక లేనివాళ్ల కోసం ముందే వేసిపెట్టిన పట్టిక ఉంటుంది. యాక్టివిటీవాచ్‌తో వచ్చే పట్టికలో ప్రోగ్రామర్ల అడ్డాలైన గిట్‌హబ్, స్టాక్ ఓవర్‌ఫ్లో పని కింద ఉంటాయి, యూట్యూబ్ వినోదాల సరసన ఉంటుంది. ఇక చూడండి న్యాయం! అమీర్‌పేటలో కోచింగ్ ఫీజు కట్టలేక ఊళ్లోనే కూర్చుని యూట్యూబ్‌లో పైథాన్ పాఠాలు వింటున్న కుర్రాడు కులాసాగా కాలం గడుపుతున్నట్టు. మాదాపూర్ ఏసీ గదిలో స్టాక్ ఓవర్‌ఫ్లో తెరిచిపెట్టి, సంక్రాంతికి ఊరెళ్లే రైల్లో బెర్తు దొరుకుతుందో లేదో అని మథనపడుతున్న పెద్దమనిషి చెమటోడుస్తున్నట్టు.

ఈ పట్టిక నచ్చకపోతే మీ నిబంధనలు మీరే రాసుకోవచ్చు. శీర్షికలో ‘పాఠం’ అని ఉంటే పని, ‘ట్రైలర్’ అని ఉంటే వినోదం. బాగానే ఉంది. మరి ‘గోంగూర మటన్: మొదటి పాఠం’ ఏ ఖాతాలో వేయాలి? దానికో మినహాయింపు, ఆ మినహాయింపుకో ఉపనిబంధన. శనివారం పొద్దున కూర్చున్నవాళ్లు ఆదివారం రాత్రికి గానీ ఒడ్డున పడరు. కాలం వృథా కాకుండా చూసే ఏర్పాటుకి రెండు రోజుల సెలవు ఖర్చయిపోయిందే అని చింతించకండి. ఆ రెండు రోజుల్నీ కూడా ‘పని’ ఖాతాలో వేసేలా మరో నిబంధన రాసుకోండి, సరిపోతుంది.

ఇందులో కిటుకు గమనించారా? ఏది పని అన్న తీర్పు మనదే, యంత్రం దాన్ని రాసుకున్న గుమస్తా మాత్రమే. వారం తిరక్కుండా ఆ తీర్పే అంకెల వేషం వేసుకుని తిరిగొస్తే, శాస్త్రీయంగా రుజువైందనుకుని తల వంచుకుంటాం. నిన్న మన నోటి నుంచి వచ్చిన అభిప్రాయమే ఇవాళ మన మీద సాక్ష్యం.

మూడోది ఖాళీ లెక్క. మౌసూ కీబోర్డూ కాసేపు కదలకపోతే మీరు సీట్లో లేనట్టే. మీరు మార్చుకోకపోతే యాక్టివిటీవాచ్ ఓపిక 3 నిమిషాలు. మైక్రోసాఫ్ట్ టీమ్స్ కాస్త దయగలది, 5 నిమిషాలు ఆగుతుంది. ఆ తర్వాత మీ పేరు పక్కన పచ్చచుక్క కాస్తా పసుపురంగుకి తిరుగుతుంది. కాబట్టి ఎంత లోతైన ఆలోచనైనా ఈ గడువులోగా తెమల్చుకోవాలి. కాగితమ్మీద లెక్క వేసుకునేవాళ్లు, కొత్తగా చేరిన పిల్లకి పక్క సీట్లో కూర్చుని కోడ్ విడమరచి చెప్పేవాళ్లు, చేజారిపోతున్న క్లయింటుని గంటసేపు ఫోన్‌లో బతిమాలి నిలబెట్టుకున్నవాళ్లు, వీళ్లంతా గోళ్లు గిల్లుకుంటున్నట్టు లెక్క. 200 లైన్ల కోడ్‌ని 20 లైన్లకు కుదించే దారి వరండాలో పచార్లు చేస్తూ కనిపెట్టిన ఇంజనీరు ఆ అరగంటా గైర్హాజరు. ఆ 200 లైన్ల చెత్తనీ టకటకా కొట్టి పారేసినాయన ఆ రోజు నిండు హాజరు.

నాలుగోది ఫలశ్రుతి, అంటే వారపు నివేదిక. మీరు చేసినవాటిని బాగా పనికొచ్చేవి మొదలుకుని బొత్తిగా దారి తప్పించేవి దాకా 5 మెట్లుగా పేర్చి, మొత్తానికి నూటికి ఇన్ని మార్కులని వేసే పద్ధతికి రెస్క్యూటైమ్ బాగా ప్రచారం తెచ్చింది. ఉగాది పంచాంగంలో మన రాశి కింద ఆదాయం ఇంత, వ్యయం ఇంత, రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత అని ఉంటుంది చూడండి, ఇదీ అదే బాపతు. కాకపోతే పంచాంగం చేసే అవమానం ఏడాదికొకసారే, ఇది వారం వారం చేస్తుంది. అక్కడ గ్రహశాంతి ఉన్నట్టే ఇక్కడా పరిహారం ఉంది. పైసలు కట్టి ప్రీమియంలోకి వెళితే ఫేస్‌బుక్‌నీ యూట్యూబ్‌నీ కాసేపు తెరవనివ్వకుండా అడ్డం పడుతుంది. మన చేతిని మనమే పట్టుకోవడానికి నెలనెలా చందా.

ఏకాగ్రత కోసం టైమర్లు కూడా తోడిస్తారు. ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ ఆయన 1980ల చివర్లో టమాటా ఆకారపు వంటింటి టైమర్ ఒకటి పెట్టుకుని, 25 నిమిషాలు చదవడం, 5 నిమిషాలు ఆగడం అలవాటు చేసుకున్నాడు. అదే నేడు లోకమంతా పాటిస్తున్న పొమొడొరో పద్ధతి. మన ఘడియ 24 నిమిషాలు. తాతలనాటి కాలమానానికి ఒక్క నిమిషం కలిపితే అంతర్జాతీయ ఉత్పాదకతా విధానం! ఈ సంగతి వాట్సాప్ పండితుల కంట పడేలోగా నాలుగు రోజులు ప్రశాంతంగా పని చేసుకోండి.

ఇక్కడిదాకా మీ ఇష్టం. ఇక మీదట మీ మేనేజరు ఇష్టం. సొంతానికి కొలుచుకునే సాఫ్ట్‌వేర్‌కీ, ఉద్యోగుల్ని కొలిచే సాఫ్ట్‌వేర్‌కీ లోపలి సరుకు ఇంచుమించు ఒకటే, నివేదిక ఎవరి బల్ల మీదికి వెళుతుందన్నదే తేడా. హబ్‌స్టాఫ్ సంగతి చూడండి. ఆఫీసువాళ్లు కోరుకుంటే ప్రతి 10 నిమిషాలకూ 3 దాకా స్క్రీన్‌షాట్లు తీస్తుంది. ఎన్ని సెకన్లలో మౌసో కీబోర్డో కదిలిందో లెక్కగట్టి శాతం వేస్తుంది. 600 సెకన్లలో 300 కదిలితే 50 శాతం. అంటే ఆ పది నిమిషాల్లో మీరు సగం మనిషి.

కదలికకే జీతమైతే కదలికకు కొదవేముంది? మౌస్ దానంతటదే జరుగుతున్నట్టు చేసే జిగ్లర్లు బజారులో దొరుకుతున్నాయి. 2024 మేలో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు డజనుకు పైగా ఉద్యోగుల్ని ఇంటికి పంపింది. కీబోర్డు ఆడుతున్నట్టు నటించి, పని చేస్తున్నామన్న భ్రమ కల్పించారన్నది అభియోగం. మోసం మోసమే, వాళ్లని వెనకేసుకు రావడం లేదు. కానీ కదలికే పని అని ముందుగా భ్రమపడిందెవరు? ఏదైనా కొలతను పట్టుకుని జనాన్ని అదుపు చేయబోతే ఆ కొలతే చెడిపోతుందని బ్రిటన్ ఆర్థికవేత్త చార్ల్స్ గుడ్‌హార్ట్ 1975లోనే హెచ్చరించాడు. ఆయన చెప్పింది దేశాల ద్రవ్య విధానం గురించి. అది మౌస్‌కీ వర్తిస్తుందని తేల్చడానికి ఇంత కాలం పట్టింది. వెల్స్ ఫార్గో కంటే ముందే, 2020లో, మైక్రోసాఫ్ట్ కూడా ‘ప్రొడక్టివిటీ స్కోర్’ తెచ్చి, ఏ ఉద్యోగి ఏ సాధనం ఎంత వాడాడో పేర్లతో సహా చూపించబోయింది. నలువైపులా దుమారం రేగాక ఆ డిసెంబరులోనే పేర్లు తీసేస్తున్నట్టు ప్రకటించింది.

ఈ పిచ్చి నిన్న మొన్నటిది కాదు. పనివాడి పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడటాన్ని శాస్త్రంగా ప్రతిష్ఠించినవాడు అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్. ఆయన సిద్ధాంత గ్రంథం 1911లో వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్ సైనిక ఆయుధాగారంలో పోత పనివాళ్లు, తమ పనిని గడియారంతో కొలవడమేమిటని పని ఆపి బయటికి నడిచారు. అమెరికన్ కాంగ్రెస్ విచారణ జరిపింది. ఆ తర్వాత ఆయుధాగారాల్లో స్టాప్‌వాచ్ కొలతలకు ప్రభుత్వ సొమ్ము వాడకూడదని ఆంక్ష పెట్టింది, అది చాలా ఏళ్లు అమల్లో ఉంది. పెద్దగా చదువుకోని పోత పనివాళ్లు సమ్మె చేసి వదిలించుకున్న వస్తువుని, ఇంజనీరింగ్ పట్టాలున్న మనం పనిగట్టుకుని డౌన్‌లోడ్ చేసుకుంటున్నాం. పైగా ఎంత బాగుందో చెబుతూ 5 నక్షత్రాలు ఇస్తున్నాం.

గంటల లెక్కన బిల్లు వేసే అనువాదకులకూ, వకీళ్లకూ, ఫ్రీలాన్సర్లకూ ఇది అక్కరకొచ్చే సాధనమే, కాదనను. ఎవరి పనికి ఎన్ని గంటలు పట్టిందో నిజాయితీగా చెప్పాలి కదా. మెయిళ్లకే పూట గడిచిపోతోందా అని అనుమానమొస్తే ఒక వారం పెట్టి, జవాబు చూసుకుని, తీసేయడంలోనూ తప్పు లేదు. అక్కడ ముందు ప్రశ్న ఉంది, తర్వాత కొలత వచ్చింది. ప్రశ్నే లేకుండా జీవితాంతం కొలుచుకుంటూ పోయేవాళ్లతోనే నా పేచీ. ఆ కొలతల్ని పక్కవాళ్ల నెత్తిన రుద్దేవాళ్లతో ఇంకా పెద్ద పేచీ.

ఈ రుద్దుడు ఎప్పుడూ పైనుంచి కిందికే. వారానికి 70 గంటలు పని చేయాలని 2023లో యువతకు హితవు చెప్పారు ఇన్ఫోసిస్ నారాయణమూర్తి. అది చాలదన్నట్టు ఆదివారాలూ కలుపుకుని 90 గంటలన్నారు ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్, 2025 జనవరిలో బయటికొచ్చిన వీడియోలో. సరే, గంటలే ముఖ్యమైతే మీటింగుల గంటలతో మొదలుపెడదాం. పన్నెండు మందిని గంటసేపు కూర్చోబెట్టి, ఒక్క మెయిల్‌తో తేలిపోయే ముక్క చెప్పిన సారు పన్నెండు గంటలు తిన్నట్టు. అవి ఎవరి ఖాతాలో పడుతున్నాయి? యంత్రం దృష్టిలో ఆ పన్నెండు మందీ పనిలోనే ఉన్నారు, సారు మరీ పనిలో ఉన్నారు.

దీనికీ సాధనం లేకపోలేదు. కెనడా కంపెనీ షాపిఫై 2023 జులైలో తన ఉద్యోగుల క్యాలెండర్‌కే ఒక లెక్కల యంత్రం తగిలించింది. మీటింగ్ పెట్టబోతుంటే దానికి ఎంత ఖర్చవుతుందో ముందే చూపిస్తుంది. ముగ్గురు కూర్చునే అరగంట మీటింగ్‌కి 700 నుంచి 1,600 డాలర్లట. అలాంటిది మీ ఆఫీసులోనూ పెట్టించండి. నెల తిరిగేసరికి ఎవరెన్ని లక్షల మీటింగులు పెట్టారో పేర్లతో సహా నోటీసు బోర్డుకి ఎక్కించండి. అంకెలు అన్నీ చెప్పవనీ, మనుషుల్ని యంత్రాలతో కొలవడం అమానుషమనీ, పనిలో కంటికి కనిపించని విలువ ఎంతో ఉంటుందనీ పై అంతస్తులో అప్పటికప్పుడు జ్ఞానోదయమవుతుంది. ఆ విషయం చర్చించడానికి వెంటనే మీటింగ్ కూడా పిలుస్తారు.