సినిమాని సినిమాలా చూడాలట!

వేదాంతులు నాలుగు మహావాక్యాలతో సరిపెట్టుకున్నారు. మన ప్రేక్షకులు ఐదోది కనిపెట్టారు: "సినిమాని సినిమాలా చూడాలి." ఈ మాట పడిందంటే చర్చకి మంగళం పాడినట్టే. పాల్ వెర్హోవెన్ 1997లో తీసిన 'స్టార్‌షిప్ ట్రూపర్స్' మీదా ఇదే అస్త్రం వేస్తున్నారు. "వేరే గ్రహపు రాకాసి పురుగులొస్తాయి, సైనికులు కాలుస్తారు, అంతే. అందులో రాజకీయాలు వెతికేవాళ్లు పనీపాటా లేనివాళ్లు."

సరే, ఆ తీర్పు శిరసావహించి అలాగే చూద్దాం.

హీరో రికో సైన్యంలో చేరడానికి వెళ్తాడు. బల్ల వెనకాయన కాగితం మీద ముద్ర కొట్టి, ఇనుప చెయ్యి చాచి, తనని ఇంతవాణ్ణి చేసింది పదాతి దళమేనని గర్వంగా చెప్తాడు. చెప్పి వెనక్కి జరుగుతాడు. రెండు కాళ్లూ లేవు. ఇక్కడ మనం ఉలిక్కిపడకూడదు. కుర్చీ అన్నాక వెనక్కి జరుగుతుంది, అంతే.

తర్వాత వార్తలు. పొద్దున హంతకుడు దొరికాడు, ఆ రోజే విచారణ, ఆ రోజే తీర్పు, సాయంత్రం ఆరింటికి అన్ని చానళ్లలోనూ మరణశిక్ష ప్రసారం. "మన దగ్గర కూడా ఇలా ఉంటేనా!" అని మనవాడు లొట్టలేస్తాడు. గమనించాలి, ఇది రాజకీయం కాదు. రాజకీయమంటే ఎదుటివాడు మాట్లాడేది.

మరో వార్తలో పురుగు ఆవుని చీలుస్తుంటే, సున్నిత మనస్కుల కోసం తెర మీద 'సెన్సార్' పట్టీ పడుతుంది. కుర్రాళ్ల కాళ్లూ చేతులూ తెగి ఎగిరిపడేటప్పుడు మాత్రం ఏ పట్టీ ఉండదు. దీనికీ అర్థం వెతకొద్దు. పట్టీ అయిపోయిందేమో!

వెర్హోవెన్ 1938లో పుట్టాడు. నాజీల ఆక్రమణలో ఉన్న హేగ్ నగరంలో బాల్యం గడిపాడు. ఈ సినిమా మొదట్లోని ప్రచార చిత్రానికి లెనీ రీఫెన్‌స్టాల్ నాజీల కోసం తీసిన 'ట్రయంఫ్ ఆఫ్ ది విల్'ని నమూనాగా పెట్టుకున్నాడు. హీరో స్నేహితుడికి అచ్చం నాజీ అధికారి కోటు తొడిగాడు. అది చూసి అమెరికాలో కొందరు, ఈ సినిమాయే ఫాసిజాన్ని నెత్తిన పెట్టుకుందని మండిపడ్డారు. పొరబడితే పడ్డారు గానీ, వాళ్లకి కనీసం కోటు కనిపించింది. మనవాళ్లకి అదీ కనిపించలేదు.

అసలు సంగతేమిటంటే, ఐదో మహావాక్యానికి మొదటి భక్తుడు రికోయే. యుద్ధానికి బయల్దేరే ముందు ఒక విలేకరి, మనుషులే పురుగుల చోటికి చొరబడి వాటిని రెచ్చగొట్టారని కొందరంటున్నారే అని మొదలుపెడతాడు. రికో మధ్యలోనే అడ్డుపడి, అన్నిటినీ చంపెయ్యాలని అరుస్తాడు. యుద్ధాన్ని యుద్ధంలా చూడాలన్నమాట! ఆ తర్వాత గంటలో లక్షమంది చచ్చారని వార్త వస్తుంది. అప్పుడు కూడా ఆ విలేకరి మాట ఎవరికీ గుర్తురాదు. సేనాధిపతి మారతాడు, యుద్ధం సాగుతుంది.

ఆలోచన మానేసిన జనం ఎలా ఉంటారో చూపించడానికి ఒకాయన రెండు గంటల సినిమా తీస్తే, ఆలోచన మానేసి చూడటమే దానికిచ్చే గౌరవమని మనవాళ్లు తేల్చారు. ఇంతకన్నా నమ్మకమైన ప్రేక్షకుడు ఏ ప్రభుత్వానికి దొరుకుతాడు?

ఆ సినిమాలో వార్త వచ్చినప్పుడల్లా తెర ఒకటే అడుగుతుంది: మరింత తెలుసుకోవాలనుందా? మనవాడి జవాబు తయారుగానే ఉంది: "వద్దు గానీ, సౌండ్ పెంచండి."