శనివారం రాత్రి సందేశం: టీకా తాత్పర్యం

మూలం: "రేపు తెల్లారి అయిదింటికి అప్పా జంక్షన్. చేవెళ్ళ దాకా. ఎవర్నీ వదిలెయ్యం. ఇడ్లీ ఉంటుంది."

అవతారిక, పూర్వపక్షం: హైదరాబాదు సైకిలు బృందాల ఫోన్లకు వారాంతంలో వచ్చే సందేశాల ధోరణి ఇది. వాక్యాలు నాలుగే అయినా ఏది ప్రధానం, ఏది అంగం అన్నచోట పేచీ ఉంది. పూర్వపక్షి ఇడ్లీ పక్షం, ఆయన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేం. తాత్పర్యం తేల్చడానికి శాస్త్రకారులు ఆరు గుర్తులు చెప్పారు: ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. ఉపసంహారంలో ఉన్నది ఇడ్లీ. ఫలమూ ఇడ్లీయే. దారి పొడుగునా పదేపదే వినబడే మాట, అంటే అభ్యాసం, అదీ ఇడ్లీయే. కనక తొక్కడం ఆకలి పుట్టించే అంగమనీ, స్నేహం దారిలో తగిలిన అదనపు లాభమనీ ఆయన తేల్చేస్తాడు.

సిద్ధాంతం: ఇది కుదరదు. మరో ప్రమాణం వల్ల తెలిసే సంగతి చెప్పడానికి శాస్త్రం నోరు విప్పదు. చేవెళ్ళ ఎటో మ్యాపు చెబుతుంది. ఇడ్లీ సంగతి హోటలు ఆవిరే చెబుతుంది, పైగా స్కూటరు మీద వెళ్ళినా పెడతారు. మరే ప్రమాణానికీ అందనిది ఒక్కటే: వెనకబడ్డవాడి కోసం ముందువాళ్ళు ఆగుతారన్నది. అపూర్వత దానిదే కనక మూడో వాక్యమే విధి, దాని తాత్పర్యం స్నేహం. ఇంటికెళ్ళాక స్ట్రావా యాప్‌లో పెట్టుకునే వేగాలు వట్టి అర్థవాదం. స్తుతికి అక్షరార్థం చూడరాదు. మూలంలో స్నేహమన్న మాటే లేదే, ఎక్కణ్ణించి తెచ్చావంటారా? మూలంలో లేనిది రాయనని నియమం పెట్టుకున్న వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి మెదక్ సీమవాడే కనక ఈ ఆక్షేపణకు మన దగ్గర గౌరవం ఎక్కువ. కానీ "రండి, స్నేహం చేద్దాం" అని పిలిస్తే తెల్లారి అయిదింటికి ఎవరొస్తారు? అందుకే సందేశకర్త చెయ్యబోయేది చెప్పకుండా చెయ్యబోనిది చెప్పాడు.

ఉపపత్తి, అంటే యుక్తి: అది గాలిలో ఉంది. చదును రోడ్డు మీద గంటకు 30 కి.మీ. వేగంతో పోయేవాడి బలంలో ఎక్కువ భాగం గాలిని తోయడానికే ఖర్చవుతుంది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలు, దాన్ని దాటే శక్తి ఎనిమిదింతలు కావాలి. ముందువాడి చక్రానికి దగ్గరగా వెనకే తొక్కేవాడికి శ్రమలో ఇంచుమించు పాతిక నుంచి ముప్ఫై శాతం మిగులుతుంది. దీంతో పరుగులో సాధ్యం కానిది ఇక్కడ సాధ్యమవుతుంది. బలవంతుడూ బలహీనుడూ కలిసి పరుగెత్తితే ఒకరికి విసుగు, ఒకరికి ఆయాసం. సైకిలు మీద బలవంతుడు ముందుండి గాలి కోస్తాడు. అదే వేగంలో అతని కసరత్తు అతనికి, వెనకవాడి ఊపిరి వెనకవాడికి దక్కుతాయి. ఎవరూ తగ్గకుండానే అసమానులు పక్కపక్కన ఉండగల వ్యాపకాలు లోకంలో ఎక్కువ లేవు. ఇంకొకటి. వెనకవాడికి రోడ్డు కనబడదు, ముందువాడి నడుమే కనబడుతుంది. గుంత వస్తే ముందువాడు వేలు కిందికి చూపిస్తాడు, ఆ వేలు మనిషి మనిషికీ మారుతూ గుంపు చివరిదాకా పోతుంది. వెనక నుంచి "కార్ బ్యాక్" కేక ముందుకొస్తుంది. అవతలి మనిషి ఉద్యోగమేమిటో, ఇంటిపేరేమిటో తెలియకముందే అతని వేలికి మన పళ్ళు అప్పగించేశాం. మామూలు స్నేహంలో చివరికొచ్చే నమ్మకం ఇక్కడ మొదటే వస్తుంది.

ఆక్షేప సమాధానాలు: "నెమ్మదిగా తొక్కేవాళ్ళకు గాలెంత?" అంటారు. నైరుతి రుతుపవనాల రోజుల్లో అప్పా నుంచి చేవెళ్ళకు పోవడమంటే పడమటి గాలికి ఎదురేగడం. మీరు 20తో తొక్కుతుంటే గాలి 15తో ఎదురొస్తే ఒంటికి తగిలేది 35. "గాలే స్నేహం పుట్టిస్తే పందేల్లో ఎందుకు పుట్టదు?" ఇది గట్టి ప్రశ్న. 1903లో మొదలైన టూర్ ద ఫ్రాన్స్‌లోనూ అదే గాలి. అక్కడ గుంపు నుంచి విడిపోయిన నలుగురు వంతులవారీగా గాలి కోసుకుంటూ పోయి, ముగింపు గీత కనబడగానే ఒకరినొకరు వదిలేసుకుంటారు. కనక గాలి కారణం చూపుతుంది, విధించదు. విధించడానికి మూడో వాక్యం కావాలి. అలాంటి విధి ఉన్నచోట నియమాలే మారతాయి: బ్రెవే అనే దూరపు సవారీ తొక్కేవాళ్ళకు 200 కి.మీ. 13 గంటల 30 నిమిషాల్లో ముగిస్తే చాలు, ముందొచ్చినవాడికి మొదటి స్థానమంటూ ఉండదు. ఇక తిరుగుదారిలో వెన్నుగాలి. అప్పుడు ఎవరి అవసరమూ ఎవరికీ అంతగా లేదు. అయినా మర్రిచెట్ల కింద ఒక టైరు పంక్చరైతే పదిమందీ దిగుతారు. ఒకడు ట్యూబు మారుస్తాడు, ఒకడు పంపు కొడతాడు, తక్కిన ఎనిమిదిమందీ వ్యాఖ్యానిస్తారు. పూర్వపక్షి దీనికి జవాబు చెప్పగా వినలేదు.

పాఠాంతరం: కొన్ని ఫోన్లలో "దోసె ఉంటుంది" అని కనబడుతుంది. అది అసాధువు. పెనం మీద దోసె ఒక్కొక్కటే వస్తుంది. అందినవాడు తిని వెళ్ళిపోయే ప్రమాదముంది, అప్పుడు నాలుగో వాక్యం మూడోదానికి విరుద్ధమవుతుంది. ఇడ్లీ వాయి ఒక్కసారే దిగుతుంది కాబట్టి ఇడ్లీయే సరైన పాఠం. చట్నీ గురించి మూలం మౌనం.