ఒంటిస్తంభం మేడలో కట్లపాము

పాముకు భయపడి పరీక్షిత్తు మహారాజు ఒంటిస్తంభం మేడ కట్టించుకున్నాడు. చుట్టూ కాపలా, లోపల మందులూ మంత్రాలూ. అయినా తక్షకుడు వచ్చాడు. గోడ ఎక్కలేదు, గొళ్లెం తీయలేదు, తినే పండులో పురుగై వచ్చాడు. పాము ఇంట్లోకి తిండి దారిన వస్తుందని భారతం అప్పుడే చెప్పింది. మనం ఆ కథ భక్తిగా విని, ప్రసాదం కళ్లకద్దుకుని, ఇంటికొచ్చి వడ్లబస్తాల పక్కన చాప పరుచుకుని పడుకున్నాం.

ఇక మన మేడ చూడండి. వసారాలో వడ్లబస్తాలు, బస్తాల కోసం ఎలకలు, ఎలకల కోసం పాము. గోడవారన గడ్డివామి, పిడకల గూడు, ఎప్పటికైనా పనికొస్తాయని ఇరవయ్యేళ్లుగా పేర్చి ఉంచిన పెంకులు. తలుపు కింద బొటనవేలు పట్టేంత సందు. ఇన్ని ఏర్పాట్లు మగపెళ్లివారికి కూడా చేయం. తీరా అతిథి వచ్చాక పాము పగబట్టిందంటాం. పాముకు మన ఇంటిపేరు తెలియదు. పన్నెండేళ్లు గుర్తుపెట్టుకుని కాటేసే జ్ఞాపకశక్తి మన సినిమా రచయితలది. పాము వచ్చింది ఎలక కోసం. మధ్యలో మన కాలు అడ్డొచ్చింది, అంతే.

అందులో కట్లపాము మరీ మర్యాదస్తురాలు. నాగుపాములా పడగ విప్పి బెదిరించదు, రక్తపింజరలా కుక్కరు కూసినట్టు బుసకొట్టదు. దీపాలార్పాక వస్తుంది. నేలమీద పడుకున్నవాణ్ణి కాటేసి పోతుంది. చాలాసార్లు నొప్పి తెలియదు, వాపు రాదు, గాటు వెతికినా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి మొదలైతే రాత్రి తిన్న గోంగూర పడలేదంటారు. మాట ముద్దగా వస్తే సాయంత్రం సీసా మీద అనుమానపడతారు. కనురెప్పలు వాలిపోతుంటే, పాపం నిద్ర చాల్లేదు, పడుకోనివ్వండంటారు. విషం నరాల పట్టు సడలించి ఊపిరి కండరాల దాకా వెళుతుంటే, ఇంటిల్లిపాదీ గుమ్మంలో కూర్చుని ఆయన నిద్ర చెడకుండా కాపలా కాస్తారు.

కాటు సంగతి తెలిసిందే అనుకోండి. అప్పుడు ఊళ్లో ప్రతివాడూ ధన్వంతరే. ఒకడు కాలు నల్లబడేలా తాడు బిగిస్తాడు. ఇంకొకడు బ్లేడుతో గాటు కోస్తాడు. మరొకడు కోడిపిల్లను తెచ్చి గాయానికి ఆనిస్తాడు. ఆ కోడి చేసిన పాపమేమిటో ఎవరూ అడగరు. ఆపైన ల్యాబు పరీక్ష. నోట్లో పచ్చిమిరపకాయ పెట్టి, "ఒరే అబ్బాయ్, కారం తెలుస్తోందా?" అంటాడు పెద్దాయన. "తెలుస్తోంది బాబాయ్" అంటాడు కుర్రాడు, కళ్లు మూతలు పడుతుండగా. "అయితే విషం ఎక్కలేదు." రిపోర్టు వచ్చేసింది!

చివరికి మంత్రం. తాతల కాలంలో టెలిగ్రాం కొడితే విషం దిగేదట. ఇప్పుడు ఫోను చాలు. మంత్రానికి ఎన్నో కేసులు నయమయ్యాయని సాక్ష్యాలు కూడా ఉంటాయి. ఎందుకుండవు? మన చుట్టూ తిరిగే పాముల్లో ఎక్కువ వాటికి విషమే లేదు. విషమున్నవి కూడా ఒక్కోసారి విషం వదలకుండా కాటేస్తాయి. అలాంటి చోట మంత్రం వేసినా, మజ్జిగ పోసినా, ఎఫ్.ఎం. రేడియో పెట్టినా రోగి లేచి కూర్చుంటాడు. అసలు విషం ఎక్కినవాడు మాత్రం సాక్ష్యం చెప్పడానికి మిగలడు.

ప్రభుత్వం మనకేమీ తీసిపోలేదు. 2018 ఆగస్టులో వానలకు బొరియలు మునిగి దివిసీమలో పాములు గట్లమీదికీ ఇళ్లలోకీ వచ్చాయి. ఒక్క నెలలో వందమందికి పైగా కాట్లు. ఆసుపత్రులు తమ పని తాము చేస్తూనే ఉన్నాయి, కాదనను. సర్కారువారు మాత్రం మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడిలో సర్పశాంతి యాగం చేయించారు. పరీక్షిత్తు కొడుకు జనమేజయుడి యాగంలో కనీసం పాములు వచ్చి పడ్డాయి. మన యాగంలో పడింది నెయ్యి ఒక్కటే. యాగాల వల్ల ఎలకలు తగ్గినట్టు ఏ పురాణమూ చెప్పలేదు.

2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం లెక్క ప్రకారం 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారు. అంటే ఏటా సగటున 58,000 మంది. వాటిలో సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. చాలామంది పోయింది ఆసుపత్రి గడప తొక్కకుండానే, సొంత ఇంట్లో. మరణాలు ఎక్కువున్న రాష్ట్రాల జాబితాలో మనమూ ఉన్నాం. 2030 నాటికి వీటిని సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. సంతోషం. అయితే అర్ధరాత్రి రోగిని మోసుకెళితే మందు బీరువాలో, తాళంచెవి సెలవులో ఉండకుండా చూడటం ఆ ప్రణాళికలో ఎన్నో పేజీ?

చేయాల్సింది బోలెడంత అనుకునేరు. నేల వదిలి మంచమెక్కాలి. దోమతెర అంచులు పరుపు కిందికి దోపాలి. రాత్రి గుమ్మం దాటితే చేతిలో టార్చి ఉండాలి. బస్తాలూ గడ్డివామీ పడకకు దూరంగా జరపాలి. కాటు పడితే కాలు కదపకుండా 108కి ఫోను చేయాలి. పామును చంపి సంచిలో వేసుకెళ్లే వీరత్వం అక్కర్లేదు. నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ మన దగ్గర ఇచ్చే విరుగుడు మందు ఒక్కటే. ఇందులో నేతి ఖర్చు లేదు, అందుకే ఎవరికీ నమ్మకం కుదరదు.

పరీక్షిత్తు కథలో అందరూ మరిచిపోయే ముక్క ఒకటుంది. రాజును బతికించగల కశ్యపుడనే విషవైద్యుడు హస్తినకు బయల్దేరాడు. తక్షకుడు దారిలో ఎదురై, అడిగినంత ధనమిచ్చి వెనక్కి పంపేశాడు. పాపం, వైద్యుణ్ణి రోగి దగ్గరికి చేరనివ్వకుండా చేయడానికి ఆనాటి పాము సొంత డబ్బు పెట్టుకోవాల్సి వచ్చింది. ఈనాటి పాముకు ఆ ఖర్చు కూడా లేదు. ఆ డబ్బేదో మనమే మంత్రగాడికి కట్టేస్తున్నాం.